గట్టు మీది పనితనాన్ని రాసిపెడదాం

(ముదినేపల్లిలో జరిగిన రైతుల సమావేశంలో సంఘం పనిముట్ల బృందం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఇప్పటిదాకా మాట్లాడినవారు ధాన్యం ధర గురించి, మేత ధర గురించి, కౌలు కార్డుల గురించి చెప్పారు. వాటి పక్కన మాకిచ్చిన విషయం కొంచెం తేలికగా కనిపిస్తుంది. మన ఊళ్ళలో మనవాళ్ళు సొంతంగా చేసుకుంటున్న పనిముట్లు, యంత్రాల గురించి చెప్పమన్నారు. అదేదో కుర్రాళ్ళ సరదా కదా, సంఘం సమావేశంలో ఎందుకు అని ఒకరిద్దరు మాతోనే అన్నారు. సరదానే, కాదనం. కానీ ఈ సరదా వెనక ఎంత డబ్బుందో, ఎంత ప్రమాదముందో, ఎవరి పేరు గల్లంతవుతోందో ఈ రెండు నెలల్లో మాకు తెలిసొచ్చింది. అది మీ ముందు పెడతాం.

మేం నలుగురం. ముదినేపల్లి, మండవల్లి, కైకలూరు మండలాల్లో చెరువు గట్ల వెంట, వెల్డింగ్ షాపుల్లో, పాతసామాన్ల కొట్ల దగ్గర వీలున్నప్పుడల్లా తిరిగాం. ఫోటోలు తీశాం, కొలతలు రాసుకున్నాం. ఎక్కడికెళ్ళినా మొదట వచ్చిన జవాబు ఒకటే. "అబ్బే, అదేముందండీ, ఏదో అవసరానికి చేసుకున్నాం." ఈ మాట వినీ వినీ మాకు విసుగొచ్చింది. లక్ష రూపాయల యంత్రం కొన్నవాడు గట్టు మీద దాన్ని పదిమందికి చూపిస్తాడు. పాత ఇనుముతో ఆ పనే చేసే యంత్రం బిగించుకున్నవాడు దానిమీద పరదా కప్పుతాడు.

చిన్నప్పుడు ముంజికాయల బండి చేయనివాళ్ళు ఈ సభలో ఎంతమంది ఉన్నారు? రెండు కాయలు, మధ్యలో ఇరుసుగా ఒక పుల్ల, తోసుకోవడానికి ఒక పంగల కర్ర. ఎవరూ నేర్పలేదు. ఎవరూ కొనివ్వలేదు. కాయ ఎండి ఊడిపోతే ఇంకో కాయ. సింగరాయపాలెం షష్ఠి తిరునాళ్ళలో కొన్న బొమ్మ కారును మర్నాడే విప్పి చూసి ఇంట్లో దెబ్బలు తిన్నవాళ్ళు మా నలుగురిలోనే ఇద్దరున్నారు. ఆ ఇద్దరే ఇప్పుడు ఊళ్ళో ఎవరి ఇంజను ఆగినా పిలుపు అందుకునేది.

ముందుగా మేత సంచి సంగతి చెబుతాం. ఇక్కడున్నవాళ్ళలో చాలామంది రోజూ పొద్దున్నే చూసేదే కాబట్టి, ఇదొక ఆవిష్కరణ అంటే నవ్వొస్తుంది. కొల్లేరు చుట్టూ చేపల చెరువులు పెరుగుతున్న రోజుల్లో మేత ఎలా వేసేవాళ్ళో పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. తవుడు, చెక్క కలిపి పొడిగా చల్లేవాళ్ళు. లేదా తడిపి ముద్దలు చేసి నీళ్ళలో వేసేవాళ్ళు. పొడి గాలికి ఒక గట్టుకు కొట్టుకొచ్చేది. ముద్ద అడుగుకు పోయి బురదలో కలిసేది. చేప తిన్నదెంతో, నీరు తిన్నదెంతో తెలిసే దారి లేదు. మిగిలిన మేత కుళ్ళి నీటిని చెడగొట్టేది. అంటే డబ్బు పెట్టి మేతతో పాటు రోగాన్ని కూడా కొనుక్కున్నట్టు.

అప్పుడు ఎవరో ఒకరు ఖాళీ ఎరువుల సంచి తీసుకుని, అడుగువైపు వరసగా చిల్లులు పొడిచి, తవుడు, చెక్క నింపి, మూతి కట్టి, నీళ్ళలో పాతిన గెడకు వేలాడదీశారు. చేప వచ్చి చిల్లుకు మూతి ఆనించి లాక్కుని తింటుంది. మేత చిల్లు దగ్గరే ఆగి ఉంటుంది కాబట్టి చేప లాగినంతే బయటికొస్తుంది. రెండు మూడు గంటల తర్వాత దోనె మీద వెళ్ళి సంచి ఎత్తి చూస్తే చాలు. ఖాళీ అయితే చేప ఆకలిగా ఉంది. బరువుగా ఉంటే ఏదో తేడా జరిగింది. నీటిలో ఆక్సిజన్ పడిపోయిందో, మబ్బు పట్టిందో, జబ్బు మొదలైందో, ఇక వెతుక్కోవాలి. చేపకు అది కంచం, రైతుకు అది కొలత. రెండు పనులూ ఒక చిల్లుల సంచి చేస్తోంది, అదీ పారేయాల్సిన సంచి.

సంచికి చిల్లులు పొడవడం ఎవరికైనా వస్తుందనుకుంటే పొరపాటు. చిల్లు పెద్దదైతే మేత కారిపోతుంది. చిన్నదైతే చేప విసిగి వెళ్ళిపోతుంది. బొచ్చె పైనీటిలో తిరుగుతుంది, శీలావతి మధ్యలో తిరుగుతుంది, మోసు అడుగున మేస్తుంది. సంచి ఎంత లోతులో వేలాడాలన్నది చెరువులో ఏ చేప ఎక్కువుందో దాన్ని బట్టి ఉంటుంది. వరసకూ వరసకూ మధ్య ఎంత ఎడం ఉండాలి, అన్నీ ఒకచోటే కడితే పెద్ద చేపలే తిని చిన్నవి ఎండిపోతాయా, ఇవన్నీ మేత నష్టపోయి, మళ్ళీ కట్టి, మళ్ళీ చూసి, ఏళ్ళ తరబడి గట్ల మీద తేల్చుకున్న సంగతులు. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 2013లో ఆంధ్రప్రదేశ్ చేపల చెరువుల్లో మేత పద్ధతుల మీదే ప్రత్యేకంగా ఒక సాంకేతిక పత్రం అచ్చువేసింది. దాని నంబరు 578. మన చిల్లుల సంచి ఆ పత్రంలోకి ఎక్కింది. మరి ఆ సంచికి మొదటి చిల్లు పొడిచిన మనిషి ఎవరు? మేం తిరిగిన ఊళ్ళలో అడిగితే ఒక్కో ఊరివాళ్ళు ఒక్కో పేరు చెప్పారు. కొన్నిచోట్ల రెండేసి పేర్లు చెప్పి వాళ్ళలో వాళ్ళే వాదులాడుకున్నారు. అందరూ చెప్పింది నిజమే కావచ్చు, ఒకేసారి చాలామందికి తట్టి ఉండవచ్చు. రాసి ఉంచినవారు లేరు కాబట్టి ఇప్పుడు తేల్చే దారి లేదు.

రాసి ఉంచడం వల్ల ఏమొస్తుందో చెప్పడానికి రెండు జీవితాలు చాలు. ఒకటి మీకు తెలిసిందే. యాదాద్రి భువనగిరి జిల్లా ఆలేరు దగ్గర శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం. చీర నేసే ముందు తల్లి రోజంతా చెయ్యి అటూ ఇటూ తిప్పుతూ ఆసు పోసేది, వేల సార్లు. రాత్రికి భుజం ఎత్తలేకపోయేది. ఆ నొప్పి చూడలేక, పెద్ద చదువు లేని ఆ కుర్రాడు 1992లో యంత్రం మొదలుపెట్టి 1999కి పూర్తిచేశారు. మధ్యలో డబ్బు అయిపోయింది, ఊరు నవ్వింది, హైదరాబాదు వెళ్ళి కరెంటు పని చేసుకున్నారు. చివరికి ఒక ఫ్యాక్టరీలో వేరే యంత్రం కదిలే తీరు చూశాక తన యంత్రంలో మిగిలిపోయిన చిక్కు వీడింది. ఆయన పేరు మీద పేటెంటు ఉంది. 2017లో పద్మశ్రీ వచ్చింది. 2019లో ఆయన కథ సినిమా అయింది.

రెండోది మనకు అంతగా తెలియని కథ, కానీ ఆ బియ్యం మన కంచాల్లోకి వస్తూనే ఉంటుంది. హెచ్‌ఎంటీ బియ్యం. మహారాష్ట్రలో చంద్రపూర్ జిల్లా నాందేడ్ అనే పల్లెకు చెందిన దాదాజీ ఖోబ్రగడే, చిన్న కమతం రైతు, దళితుడు, 1980ల్లో తన చేలో వేరుగా కనిపించిన వెన్నులు ఏరి, ఏటికేడు వేసి, ఈ సన్నరకాన్ని తీశారు. అప్పట్లో హెచ్‌ఎంటీ గడియారాలంటే మోజు, ఆ పేరే వడ్లకు స్థిరపడింది. ఆ రకం రాష్ట్రాలు దాటింది. వ్యాపారులు బాగుపడ్డారు. ఆయన 2018 జూన్‌లో పేదరికంలోనే కన్నుమూశారు. తెలివిలో ఈ ఇద్దరికీ తేడా ఏమీ లేదు. ఒకరి పని కాగితం మీదికి పేరుతో, తేదీతో సకాలంలో ఎక్కింది. రెండోవారి పని జనం చేతుల్లోకి వెళ్ళిపోయాక కాగితాలు వచ్చాయి.

ఇక మన వైపు ఇప్పుడు జరుగుతున్న పని. చూసినవన్నీ చెప్పడానికి సమయం చాలదు. థర్మాకోల్ తెప్పలు అందరికీ తెలుసు. కొత్త సంగతి ఏమిటంటే, థర్మాకోల్ రాలిపోయి చెరువులో కలవకుండా ఈ మధ్య దానికి ఫ్లెక్సీలు చుట్టి కుట్టేస్తున్నారు. ఎన్నికలు అయిపోయాక దించిన ఫ్లెక్సీలు. వాటివల్ల రైతుకు జరిగిన మేలు మాకు తెలిసి ఇదొక్కటే. ఒకచోట పాత సైకిల్‌తో చేసిన గుంటక చూశాం, ఇంకోచోట దమ్ము చక్రాలకు రోడ్డు దాటేటప్పుడు తొడిగే ఇనప పట్టా చూశాం. అది ఇంకా బరువుగా ఉంది, తొడగడానికి ఇద్దరు మనుషులు కావాలి. చేసినాయనే "ఇది ఇంకా కుదరలేదండీ" అన్నాడు. కుదరని వాటిని కూడా రాసుకున్నాం. అవే ముఖ్యం. ఒకరు చేసి విఫలమైన పనిని పక్క ఊరివాడు మళ్ళీ మొదటినుంచీ చేసి అదే చోట ఆగిపోతున్నాడు.

వీటిలో ఒకదాని మీద మాత్రం కాసేపు ఆగుతాం, ఎందుకంటే దానితో మాకు సొంత అనుభవం ఉంది.

పగలు నీటిలోని నాచు, పచ్చదనం ఆక్సిజన్ ఇస్తాయి. రాత్రి అవే ఆక్సిజన్ తీసుకుంటాయి. అందుకే తెల్లవారుజామున చెరువులో గాలి అట్టడుగుకు పడిపోతుంది. ముందురోజు మబ్బు పడితే ఇంకా అన్యాయం. ఆ వేళలో ఏరేటర్లు తిరుగుతూ ఉండాలి. సరిగ్గా అప్పుడే కరెంటు పోతే కాపలా మనిషి లేచి జనరేటర్ వేయాలి. లేవకపోతే పొద్దున్నే చేప తలెత్తి గుటకలు వేస్తుంది, రొయ్యయితే గట్టువారకు వచ్చేస్తుంది. ఆ తర్వాత సంగతి మీకు చెప్పక్కర్లేదు.

ఐటీఐ చదువుతున్న ఒక కుర్రాడు దీనికి మందు కనిపెట్టాడు. పాతసామాన్ల కొట్లో దొరికిన బటన్ల ఫోను, ఒక చిన్న రిలే, ఒక ప్లాస్టిక్ టిఫిన్ డబ్బా. రిలే అంటే కరెంటు ఉన్నంతసేపూ ఒక మీటను పట్టి ఉంచే చిన్న అయస్కాంతపు చుట్ట. కరెంటు పోగానే పట్టు వదిలేస్తుంది. వదిలిన మీట ఫోనులో ముందే పెట్టి ఉంచిన నంబరు బటన్‌ను కలుపుతుంది. ఫోను తన బ్యాటరీ మీద ఉంటుంది కాబట్టి రైతు ఫోను మోగుతుంది. ఎత్తి మాట్లాడే పని లేదు, మోగితే చాలు, కరెంటు పోయిందని అర్థం. ఖర్చు చూస్తే ఒక పూట కూలి డబ్బులకు అటూ ఇటూ. మేం అడిగితే చెప్పాడు, మొదటిది తన కోసం కాదట, ఊరికే చేశాడట. రిలే టకటకమంటుంటే వినడం బాగుంటుందని. వాళ్ళ నాన్న చూసి, ఇదేదో చెరువు దగ్గర పెడదాం అన్నాడు. అవసరం అన్నింటికీ తల్లి అంటారు గానీ, ఇక్కడ ఆట ముందు వచ్చింది, అవసరం వెనక వచ్చింది.

మేం అది చూసి ముచ్చటపడి, మా కౌలు చెరువుకు ఒకటి చేయించుకున్నాం. నాలుగు నెలలు బంగారంలా పనిచేసింది. కాపలా మనిషి హాయిగా నిద్రపోవడం మొదలుపెట్టాడు, మేమూ నిద్రపోయాం. ఒక ముసురు రాత్రి రెండింటికి కరెంటు పోయింది. రిలే పడింది. మీట కలిసింది. ఫోను మోగలేదు. ఆ సిమ్ముకు రీఛార్జి గడువు ముందురోజుతో అయిపోయింది. ఇరవై ఎనిమిది రోజుల లెక్క మేం మర్చిపోయాం. పొద్దున్న చెరువు తెల్లగా కనిపించింది. తప్పు కుర్రాడిది కాదు, కాపలా మనిషిదీ కాదు, మాది. ఆ డబ్బా మీద నమ్మకం పెట్టి, దాన్ని వారానికోసారి పరీక్షించాలన్న ఆలోచనే చేయలేదు. తర్వాత ఆ కుర్రాడే రెండో డబ్బాలో మార్పు చేశాడు. అందులో ఫోనుతో పాటు బ్యాటరీ మీద మోగే సైరన్ కూడా ఉంటుంది, గట్టు మీదే కూస్తుంది. ప్రతి ఆదివారం మెయిన్ దించి చూడాలని డబ్బా మూత మీద పెయింటుతో రాశాడు. మా చేపల ఖరీదుతో నేర్చిన పాఠం ఆ మూత మీద ఉంది. ఆ మూత ఫోటో మన పత్రికలో పడితే ఇంకొకరు ఆ ఖరీదు కట్టక్కర్లేదు.

అయితే ఒక మాట. రాత్రిపూట కరెంటు సరిగ్గా ఇస్తే ఆ డబ్బాతో పనే లేదు. మన తెలివిని పొగిడి చేతులు దులుపుకునేవాళ్ళు ఈ మధ్య ఎక్కువయ్యారు. రైతు ఎంత తెలివైనవాడో చూడండి, చెత్తతో యంత్రం చేశాడు అని వీడియోలు తీస్తారు. చెత్తతో ఎందుకు చేయాల్సి వచ్చిందని అడగరు. ఈ పొగడ్త మనం మింగకూడదు. కరెంటు డిమాండు కరెంటు డిమాండే. డబ్బా డబ్బానే.

ఇప్పుడు ప్రమాదం సంగతి. మేం చూసిన సొంత యంత్రాల్లో చాలావాటికి బెల్టు మీద గానీ, చైను మీద గానీ కవరు లేదు. మేత కలిపే మిక్సరు దగ్గర ఒకాయన కండువా బెల్టులో చిక్కి మెడ దాకా లాగింది. పక్కన మనిషి ఉండబట్టి బతికాడు. మర్నాడు వెళ్తే మిక్సరు తిరుగుతోంది, కవరు లేదు, కండువా కూడా లేదు. "కండువా మానేశానండీ" అన్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నూర్పిడి యంత్రాల్లో చేతులు పోతున్నాయని 1983లోనే కేంద్రం ప్రమాదకర యంత్రాల నియంత్రణ చట్టం చేసింది. అంటే కంపెనీ యంత్రాలకే ఆ అవసరం పడింది. మన వెల్డింగ్ షాపులో చేసినదానికి పడదా? ఒక రేకు ముక్క, నాలుగు బోల్టులు. కవరు బిగించకుండా యంత్రం ఇవ్వబోమని షాపుల మిత్రులు ఇక్కడే ఒప్పుకుంటే సంతోషిస్తాం.

చెరువులో వైర్ల సంగతి ఇంకా పెద్దది. జాయింట్లకు టేపు చుట్టి నీళ్ళ మీదుగా వైరు లాగుతున్నారు. లీకేజీ ఉంటే వెంటనే కరెంటు కట్ చేసే బ్రేకర్లు ఉన్నాయి, ఆర్‌సీసీబీ అంటారు. మనిషి ప్రాణం కోసమైతే 30 మిల్లీ ఆంపియర్లది పెట్టాలి. ఒక మేత బస్తా ఖరీదు కన్నా దీనికి పెద్ద ఖర్చవదు. చెరువులో దిగే మనిషి ఎక్కువగా కూలికి వచ్చినవాడే కాబట్టి ఈ ఖర్చు వాయిదా పడుతోందని మా అనుమానం. చేదుగా ఉన్నా ఆ మాట అనేస్తున్నాం.

పక్షుల్ని తోలడానికి పీవీసీ గొట్టంలో కార్బైడ్ వేసి పేలుస్తున్నారు. 2025 దీపావళికి మధ్యప్రదేశ్‌లో ఈ గొట్టాలతో ఎందరో పిల్లల కళ్ళు దెబ్బతిన్నాయి. గొట్టం పేలలేదని లోపలికి తొంగి చూసినప్పుడే పేలుతుంది. పైగా మనం ఉన్నది కొల్లేరు అభయారణ్యం పక్కన. దీని తయారీ మేం రాసుకోలేదు, పత్రికలో వేయం. పైన తాళ్ళు కట్టడం, గాలికి మోగే మెరుపు రిబ్బను కట్టడం మేలు.

ఇక మా బృందంలో తగువు జరిగిన విషయానికి వస్తాం. మేం పత్రికలో వేస్తామంటే ఒక వెల్డింగ్ షాపు యజమాని అడ్డం తిరిగాడు. "నేను మూడేళ్ళు తంటాలు పడి చేసింది మీరు బొమ్మతో సహా వేస్తే ఎదురు షాపువాడు రేపే చేస్తాడు. నాకేం మిగులుతుంది?" న్యాయమైన ప్రశ్న. మాలో ఇద్దరం ఆయన పక్షం, ఇద్దరం ఎదురు పక్షం. తర్వాత చట్టం తెలిసినవాళ్ళను అడిగి తెలుసుకున్నది ఇది. 1970 పేటెంటు చట్టం మూడో సెక్షను ప్రకారం వ్యవసాయ పద్ధతికి పేటెంటు రాదు. యంత్రానికి వస్తుంది. కానీ అర్జీ పెట్టేనాటికి ఆ సంగతి అచ్చయి ఉన్నా, అందరూ వాడుతున్నా అది కొత్తది కాదు. పేటెంటు ఇవ్వకముందు ఎవరైనా అభ్యంతరం చెప్పవచ్చు. ఇచ్చాక కూడా ఏడాదిలోపు సంబంధం ఉన్నవారు సవాలు చేయవచ్చు.

ఇందులో రెండు దారులున్నాయి. యంత్రం మీద సొంత హక్కు కావాలనుకుంటే అచ్చుకు ఇవ్వకముందే అర్జీ పెట్టాలి. తాత్కాలిక వివరాలతో పెట్టినా పూర్తి వివరాలకు పన్నెండు నెలల గడువుంటుంది. ఇలాంటి పనికి ఖర్చు లేకుండా సాయం చేయడానికి గుజరాత్‌లో జాతీయ ఆవిష్కరణల ప్రతిష్ఠానం ఉంది, 2000లో పెట్టింది. మన తెలుగువైపు పల్లె సృజన సంస్థ ఊళ్ళు తిరిగి ఇలాంటివారిని వెతుకుతోంది. హక్కు అక్కర్లేదు, అందరికీ చెందాలనుకుంటే పేరుతో, తేదీతో, కొలతలతో అచ్చువేయాలి. అప్పుడు రేపు ఏ కంపెనీ అయినా మన సంచి లాంటిదాన్ని తనదని పట్టుకుపోబోతే, ఈ చిన్న పత్రిక పాత సంచిక తీసి ముందు పెట్టవచ్చు. ఏమీ చేయకుండా పరదా కప్పి ఉంచడం మూడో దారి. దానిలో హక్కూ రాదు, రక్షణా లేదు. ఇప్పుడు మనం నడుస్తున్నది ఆ మూడో దారిలోనే. ఆ షాపు యజమాని ఇంకా ఆలోచించుకుంటున్నారు. ఆయన ఒప్పుకునేదాకా ఆ యంత్రం బొమ్మ మా పుస్తకంలోనే ఉంటుంది.

రాయితీ మాట. కేంద్ర యాంత్రీకరణ పథకం కింద రాయితీ రావాలంటే యంత్రానికి గుర్తింపు ఉన్న కేంద్రంలో పరీక్ష ధ్రువపత్రం ఉండాలి. దక్షిణాదిలో అలాంటి కేంద్రం ఒకటి అనంతపురం జిల్లా గార్లదిన్నెలో ఉంది. పరీక్ష ఉండాల్సిందే, బెల్టు కవరు గురించి ఇప్పుడే చెప్పాం కదా. కానీ ముదినేపల్లి వెల్డింగ్ షాపువాడు ఒక్క యంత్రాన్ని లారీకెత్తించి, ఫీజు కట్టి, అక్కడికి పంపగలడా? పంపలేడు. కాబట్టి రాయితీ కంపెనీ సరుకుకే వెళ్తోంది. తాడేపల్లిగూడెంలో 2015 నుంచి ఎన్‌ఐటీ ఉంది. పక్కనే వెంకటరామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం ఉంది. ఉండిలో చేపల పరిశోధనా కేంద్రం ఉంది. చిన్న తయారీదారుల యంత్రాలకు ఇలాంటి దగ్గరి సంస్థల్లో తక్కువ ఫీజుతో ప్రాథమిక పరీక్ష జరిపించాలని తీర్మానం ప్రతిపాదిస్తున్నాం. ఇంజనీరింగ్ విద్యార్థులు ఏటా ప్రాజెక్టుల కోసం అంశాలు వెతుక్కుంటారు. మా పుస్తకంలో అంశాలు చాలా ఉన్నాయి.

మరమ్మతు హక్కు గురించి క్లుప్తంగా. కోయంబత్తూరు దగ్గర తెలుగు కుటుంబంలో పుట్టిన జి.డి. నాయుడు గారు కుర్రతనంలో హోటల్లో పనిచేసి కూడబెట్టిన డబ్బుతో ఒక మోటారు సైకిలు కొని, విప్పి, బిగించి, మళ్ళీ విప్పి యంత్రవిద్య నేర్చారు. 1937లో దేశంలోనే తొలి ఎలక్ట్రిక్ మోటారు తయారీ వెనక ఉన్న చేతుల్లో ఆయనదొకటి. ఇప్పుడొస్తున్న యంత్రాన్ని ఆయనకిస్తే విప్పగలరా? 2023 జనవరి నుంచి 50 హార్స్‌పవర్ దాటిన ట్రాక్టర్లకు కొత్త పొగ నిబంధనలు వచ్చాయి, వాటితో ఎలక్ట్రానిక్ ఇంజన్లు వచ్చాయి. పొగ తగ్గడం మంచిదే. కానీ ఎర్ర లైటు వెలిగితే కంపెనీ మనిషి ల్యాప్‌టాప్ పట్టుకుని వచ్చేదాకా దమ్ము ఆగాల్సిందే. కేంద్రం 2022 జులైలో మరమ్మతు హక్కు మీద కమిటీ వేసినప్పుడు మొదటి వరసలో పెట్టిన రంగాల్లో వ్యవసాయ పరికరాలు ఉన్నాయి. దాన్ని చట్టం చేయమని అడగడం మన పని. లేకపోతే మన మెకానిక్కుల తర్వాతి తరానికి విప్పడానికి ఏమీ మిగలదు.

మా లోపం ఒకటి ఒప్పుకోవాలి. మా నలుగురిలో ఆడవాళ్ళు లేరు. అందువల్ల రెండు నెలలూ ఇనుము చుట్టూనే తిరిగాం. చివరి వారంలో పెదగొన్నూరు వైపు ఊడ్పుల దగ్గర ఆగితే, దోమపోటుకు కాలిబాటలు తీయడానికి అక్కడి ఆడవాళ్ళు తాడుకు రంగు గుడ్డముక్కలు కట్టుకుని వాడుతున్నారు. రెండు మీటర్లకు ఎర్రది, కాలిబాట వెడల్పు 20 సెంటీమీటర్లకు పచ్చది. టేపు అక్కర్లేదు, చదువు అక్కర్లేదు, వంగిన నడుము ఎత్తకుండానే రంగు కనిపిస్తుంది. ఎవరు చేశారంటే అందరూ ఒకావిడను చూపించారు. ఆవిడ మాత్రం "మా అత్త చీర చింపితే వచ్చింది బాబూ" అని పనిలో పడింది. వచ్చే విడతలో ఇద్దరు మహిళా సభ్యులు బృందంలో ఉండాలని అడుగుతున్నాం. పేర్లు ఈ సభ అయ్యేలోపు ఇవ్వండి.

ఇక చేయాల్సిన పని. ప్రతి ఊరి శాఖకు ఒక నోటు పుస్తకం ఇస్తున్నాం. ఒక పనిముట్టుకు ఒక పేజీ. చేసినవారి పేరు, ఊరు, తేదీ. ఏ పనికి, ఏ సామానుతో, ఎంత ఖర్చు. కొలతలతో చేతి బొమ్మ. అన్నింటికన్నా కింద పెద్ద గడి ఒకటి వదిలాం, అందులో ఎక్కడ చెడిందో రాయాలి. రాయడం రానివారి దగ్గర ఊళ్ళో చదువుకునే పిల్లల్ని కూర్చోబెట్టండి. అచ్చు వద్దనుకునేవారు పేజీ పైన అడ్డగీత పెడితే చాలు, అది బయటికి రాదు. వచ్చే నెల సంచికలో కరెంటు డబ్బా బొమ్మ, సైరన్ మార్పుతో సహా వేస్తున్నాం. ఆ కుర్రాడికి ఇవాళ పరీక్ష, రాలేకపోయాడు. పేరు వేయమన్నాడు, ఫోను నంబరు మాత్రం వద్దన్నాడు. రాత్రి రెండింటికి ఊళ్ళోవాళ్ళంతా తనకే చేస్తారట.

రెండో డబ్బా వెనక బల్ల మీద ఉంది. టీ తాగి వెళ్ళేముందు ఒకసారి మెయిన్ దించి చూడండి. సైరన్ గట్టిగా కూస్తుంది, చంటిపిల్లలున్నవాళ్ళు కాస్త దూరంగా నిలబడండి.